ఎంత దూరం?

మన పెద్దలు దూరాన్ని అనుభవంతో కొలిచారు. ఒక మనిషి గట్టిగా కేక వేస్తే వినిపించేంత మేరను 'కూతవేటు దూరం' అన్నారు. పొద్దున బయలుదేరి ఎండ నడినెత్తికి వచ్చేలోగా చేరగలిగిన ఊరిని 'ఒక పూట ప్రయాణం' అన్నారు. క్రోసు, ఆమడ వంటి కొలమానాలు లేకపోలేదు. కాని బాటసారి దారిలో కనిపించిన వారిని అడిగేది "ఎన్ని క్రోసులు?" అని కాదు, "పొద్దు వాలకముందే చేరతానా?" అని. ఆ ప్రశ్నలో దూరం ఉంది, కాలం ఉంది, కాళ్ళ సత్తువ ఉంది, చీకటి భయం కూడా ఉంది.

నేటి విద్యార్థికి బాటసారిని అడగవలసిన అవసరం లేదు. అతని చేతిలో ఫోను ఉన్నది. ప్రపంచంలోని ఏ రెండు నగరాల పేర్లు చెప్పినా వాటి నడుమ ఎన్ని కిలోమీటర్లో, విమానం ఎంతసేపట్లో చేరుతుందో అది తక్షణమే చెప్పగలదు. లండన్ నుండి పారిస్‌కు ఎంత దూరమని అడగండి: 344 కిలోమీటర్లు, విమానంలో గంటంబావు అని సమాధానం వస్తుంది. ఆ సమాధానం తప్పు కాదు. అయితే సరియైన సమాధానమూ, చాలినంత సమాధానమూ అన్ని వేళలా ఒకటి కావు. ఆ రెంటి మధ్య ఉన్న వ్యత్యాసాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా ఆ రెండు నగరాల సంగతే పరిశీలిద్దాం. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోగలదు. ఆ లెక్కన లండన్ నుండి పారిస్‌కు అరగంట చాలాలి గదా, గంటంబావు ఎందుకని లెక్కలు తెలిసిన విద్యార్థి అడుగుతాడు. ఆ వేగం విమానం బాగా ఎత్తుకు చేరిన తరువాత గాని రాదు. దగ్గరి నగరాల మధ్య ఎక్కడం, దిగడంతోనే సగం ప్రయాణం అయిపోతుంది. పైగా విమానం నిలిచి ఉన్న చోటి నుండి కదలి రన్‌వే చేరడం, దిగిన తరువాత మళ్ళీ ద్వారం దాకా రావడం కూడా పట్టికలోని కాలంలోనే కలుస్తాయి. అందుచేత దూరం సగమైనంత మాత్రాన కాలం సగం కాదు.

గడియారం చేసే విచిత్రం మరొకటి ఉన్నది. లండన్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం పారిస్‌లో అక్కడి గడియారం ప్రకారం 12 గంటల 15 నిమిషాలకు దిగుతుంది. పారిస్‌లో 10 గంటలకు బయలుదేరినది లండన్‌లో 10 గంటల 15 నిమిషాలకే దిగుతుంది. పోవడానికి రెండుంబావు గంటలు, రావడానికి పావుగంట! పారిస్ గడియారం లండన్ గడియారం కంటె ఒక గంట ముందు ఉండడమే దీనికి కారణం. సూర్యుని లెక్క ప్రకారం ఈ రెండు నగరాల మధ్య ఉన్న తేడా సుమారు పది నిమిషాలు మాత్రమే. మిగిలిన యాభై నిమిషాలు ప్రభుత్వాలు నిర్ణయించినవి.

అంత దూరం పోనవసరం లేదు. మన గడియారమూ ఇటువంటిదే. 1906 జనవరి 1వ తేదీ నుండి అమలులోకి వచ్చిన భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకొన్నది. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. శ్రీకాకుళం దానికి తూర్పున దాదాపు 84 డిగ్రీల దగ్గర ఉన్నది గనుక, మన సూర్యుడు మన గడియారం కంటె అయిదారు నిమిషాలు ముందు నడుస్తాడు. హైదరాబాదు ఆ రేఖకు చాలా పడమట ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కిస్తే శ్రీకాకుళానికి, హైదరాబాదుకు సుమారు ఇరవై నిమిషాల తేడా వస్తుంది. రంజాన్ మాసంలో హైదరాబాదులో అచ్చయిన వేళల కార్డు మన ఇళ్ళకు వచ్చినప్పుడు పెద్దలు దాని మీద "ఇరవై తీసివేయాలి" అని వ్రాసుకొనేది ఇందుకే. హైదరాబాదులో ఇఫ్తార్ కోసం ఎదురుచూస్తూ ఉండగానే ఇక్కడ మగ్రిబ్ నమాజు ముగుస్తుంది. సహర్ విషయంలో ఈ సవరణ మరచిన వాడు తెల్లవారిన తరువాత కూడా భోజనం చేస్తూనే ఉంటాడు. భూగోళ శాస్త్రం చదువని మా నాయనమ్మకు కూడా హైదరాబాదు ఎంత దూరమో ఈ ఇరవై నిమిషాల రూపంలో తెలుసు.

సూర్యుని చూసి ఊళ్ళ దూరాలు కట్టే విద్యలో మన పూర్వులు తక్కువవారు కారు. పదకొండవ శతాబ్దపు మహాపండితుడు అల్‌బిరూనీ, నేడు పాకిస్థాన్‌లో ఉన్న నందనా కోట వద్ద ఒక కొండ ఎత్తును, ఆ కొండపై నుండి దిగంతరేఖ ఎంత కిందికి వంగి కనిపిస్తుందో ఆ కోణాన్ని కొలిచి, వాటితో భూమి వ్యాసార్ధాన్ని గణించాడు. ఆయన వచ్చిన విలువ నేటి విలువకు ఎంతో సమీపమైనది. 1025లో గజనీలో పూర్తిచేసిన ఒక గ్రంథంలో నగరాల అక్షాంశ రేఖాంశాలను నిర్ణయించి, వాటి నడుమ దూరాలను సరిదిద్దే పద్ధతిని వివరించాడు. గజనీలో నిలబడినవాడు మక్కా వైపు ఏ కోణంలో తిరగాలన్నది ఆయన ముందున్న ప్రశ్నలలో ఒకటి. ప్రార్థనలో నిలబడే మనిషి పాదాల కోసం ఆయన భూగోళాన్నంతా కొలిచాడన్నమాట. విమానాలు నేడు అనుసరించే సూటిదారి లెక్క కూడా ఆ గోళ గణిత కుటుంబానికి చెందినదే.

అల్‌బిరూనీ దూరాన్ని గణిస్తే, మూడు శతాబ్దాల తరువాత వచ్చిన ఇబ్న్ బతూతా దాన్ని నడిచి చూశాడు. సింధు నుండి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణమని వ్రాశాడు. అదే చోట మరొక మాట కూడా చెప్పాడు: సింధులోని అధికారులు వ్రాసిన లేఖలు సుల్తానుకు అయిదు రోజులలో అందేవట. దారి పొడవునా కొద్ది కొద్ది దూరాలలో తపాలా బంట్లు సిద్ధంగా ఉండేవారు. ఒకడు గంటలు కట్టిన కర్రను ఊపుకుంటూ పరుగెత్తి వచ్చి తరువాతి వాని చేతికి లేఖను అందించేవాడు. దారి ఒక్కటే, దూరం ఒక్కటే. మనిషికి యాభై రోజులు, సుల్తాను గారి లేఖకు అయిదు రోజులు. ఈ ఒక్క విషయం మనస్సులో ఉంచుకొంటే ఇకమీద చెప్పబోయేదంతా సులభంగా బోధపడుతుంది. ఎంత దూరమన్న ప్రశ్నలో ఎవరికన్న ప్రశ్న ఎప్పుడూ దాగి ఉంటుంది.

మన శ్రీకాకుళం కూడా ఒకనాడు దూరపు రాజధానిని నమ్ముకొన్న ఊరే. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల తరఫున ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు పట్టణంలో నేటికీ ఉన్నది. ఆనాడు గోల్కొండ నుండి ఒక ఉత్తరువు ఇక్కడకు రావాలంటే ఎన్నెన్ని ఏరులు దాటాలి! గోదావరి, శారద, గోస్తని, చంపావతి, చివరకు నాగావళి. వానాకాలంలో ఒక్కొక్క ఏరు ఒక్కొక్క వారం. 1893–96 సంవత్సరాల మధ్య తూర్పు తీరపు రైలుమార్గం తెరుచుకొన్న తరువాత ఆ ఏరులన్నీ క్రమంగా వంతెనల కింద పడిపోయాయి. అయినా రైలు శ్రీకాకుళం పట్టణంలోకి రాలేదు. శ్రీకాకుళం రోడ్ అనే పేరుతో ఆమదాలవలసలో ఆగిపోయింది. అప్పటి నుండి నేటి వరకు మన ప్రయాణాలన్నిటికీ ముందు ఒక చిన్న ప్రయాణం తగిలి ఉన్నది. రైలు ఎక్కడానికి ఆమదాలవలస పోవాలి. విమానం ఎక్కడానికి 110 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద పోయి విశాఖపట్నం చేరాలి.

విశాఖపట్నం నుండి హైదరాబాదుకు ఆకాశంలో సూటిదూరం 500 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అది ఒక రాత్రి. 2023 జనవరి 15న ప్రారంభమైన వందే భారత్ రైలులో ఎనిమిదిన్నర గంటలు. విమానంలో గంటంబావు. అలాగే విశాఖ నుండి ఢిల్లీకి సూటిదూరం 1,360 కిలోమీటర్ల వరకు ఉంటుంది. రోము నగరం నుండి లండన్‌కు ఉన్న దూరం దీనికి కొంచెమే ఎక్కువ. ఆ దారిలో యూరపు ప్రయాణికుడు ఆల్ప్స్ పర్వతాలను, సముద్రపు పాయను, మూడు నాలుగు దేశాలను దాటుతాడు. మనవాడు దాటేది మన రాష్ట్రాలనే. అయినా మన దేశం ఎంత పెద్దదో ఈ ఒక్క పోలికతో తెలుస్తుంది.

విమానయానానికీ మన ఉత్తరాంధ్రకూ ఒక ప్రత్యేకమైన బంధమున్నది. 2014 మే నుండి 2018 మార్చి వరకు కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్న పూసపాటి అశోక్ గజపతిరాజు అప్పటి విజయనగరం లోక్‌సభ సభ్యులు. 2024 జూన్‌లో అదే శాఖను చేపట్టిన కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులు. మొదటివారి కాలంలోనే సామాన్యుని కోసమని 'ఉడాన్' పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ మధ్య దాని తొలి విమానం ఎగిరింది. సుమారు 500 కిలోమీటర్ల మేర, గంట ప్రయాణానికి, విమానంలో కొన్ని సీట్లకు 2,500 రూపాయలకు మించి తీసుకోరాదన్నది అప్పట్లో ఆ పథకంలోని ప్రధాన నియమం. దూరము, కాలము, ధర అనే మూడింటిని ఒకే వాక్యంలో కట్టిన ప్రభుత్వ నిర్ణయమది. అటు తరువాత 2023 మే 3న విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. విశాఖ విమానాశ్రయంతో పోలిస్తే శ్రీకాకుళం వారికి భోగాపురం దాదాపు సగం దూరం.

ఇవన్నీ సంతోషించవలసిన విషయాలే. అయితే విమానపు గంటలను మాత్రమే లెక్కపెట్టేవారు ఏమి మరచిపోతారో నాకు పుస్తకాల వలన గాక ఇంట్లో జరిగిన సంఘటన వలన తెలిసింది.

నా తమ్ముడు దుబాయిలో కరెంటు పని చేస్తాడు. కొన్నేళ్ళ కిందట ఒక మంగళవారం తెల్లవారుజామున, ఫజర్ అజాన్‌కు కొంచెం ముందు, మా అబ్బా కన్నుమూశారు. అప్పుడు మన గడియారంలో 4 గంటల 40 నిమిషాలు. దుబాయి గడియారం గంటన్నర వెనుక ఉంటుంది గనుక అక్కడ 3 గంటల 10 నిమిషాలు. వెంటనే ఫోను చేశాను. వాడు ఏడుస్తూనే బయలుదేరుతున్నానన్నాడు. ఇంటినిండా బంధువులు చేరారు. జనాజాను ఆలస్యం చేయరాదన్నది మన ధర్మం. ఎప్పుడు లేపాలన్న మాట వచ్చినప్పుడు అమ్మీ నన్ను దగ్గరకు పిలిచింది.

"వాడున్న ఊరు ఎంత దూరం?" అని అడిగింది.

"హైదరాబాదు దాకా విమానంలో నాలుగు గంటలు, అమ్మీ. అక్కడి నుండి విశాఖకు ఒక గంట."

ఆమె బడికి వెళ్ళిన మనిషి కాదు. కాని లెక్క చకచకా వేసింది. "అయితే అసర్ వేళకు వచ్చేస్తాడు గదా. అసర్ దాకా ఆగుదాం."

ఆ లెక్కలో తప్పెక్కడుందో నేను చెప్పలేకపోయాను. నిజానికి ఆమె లెక్కలో తప్పు లేదు. నాలుగూ ఒకటీ అయిదే. అసర్ దాకా ఆగాము. వాడు రాలేదు. అసర్ నమాజు తరువాత ఖబ్రస్తాన్‌కు తీసుకొని వెళ్ళాము.

వాడు ఇల్లు చేరింది మరునాడు బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు. పని చేసే చోట సెలవు కాగితం మీద సంతకం కావాలి. సంతకం చేయవలసినవారు వచ్చేసరికి మధ్యాహ్నమయింది. ఆనాటి టికెట్టు ధర వాని నెల జీతంలో పెద్ద భాగం. తోటివారి దగ్గర చేబదులు తీసుకొన్నాడు. సీటు దొరికింది రాత్రి విమానంలో. హైదరాబాదులో దిగేసరికి తెల్లవారుజాము మూడు. విశాఖ విమానంలో దొరికిన సీటు ఉదయం తొమ్మిది గంటలకు. ఆపైన కారులో మూడు గంటలు. వార్త విన్నప్పటి నుండి ఇంటి గడప తొక్కే వరకు ముప్పై మూడు గంటలు. వాటిలో వాడు గాలిలో ఉన్నది అయిదు గంటలు. అమ్మీ వేసిన లెక్క ఆ అయిదు గంటలకే సరిపోయింది. మిగిలిన ఇరవై ఎనిమిది గంటల గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వాడు తిన్నగా ఖబ్రస్తాన్‌కే వెళదామన్నాడు. ఫాతిహా చదివిన తరువాత ఒక్కటే అడిగాడు: "ఎన్ని గంటలకు?" చెప్పాను. వాడు మనస్సులో గంటన్నర తీసివేసి, "అప్పుడు నేను టికెట్టు డబ్బు కోసం గది గదికీ తిరుగుతున్నాను" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు.

మన ఫిఖహ్ శాస్త్రంలో ముసాఫిర్‌కు, అనగా ప్రయాణికునికి, కొన్ని సడలింపులు కలవు. నమాజును కుదించుకోవచ్చు, ఉపవాసాన్ని వాయిదా వేసుకోవచ్చు. ఎంత దూరం పోతే ముసాఫిర్ అవుతాడన్న ప్రశ్నకు హనఫీ పండితులు మూడు రోజుల నడకను ప్రమాణంగా తీసుకొన్నారు. మన దేశపు ఉలమాలు దాన్ని 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కకట్టారు. ఆ దూరాన్ని విమానం కొద్ది నిమిషాలలో దాటినా అందులోని వాడు ముసాఫిరే, సడలింపు అతనికీ వర్తిస్తుందని తీర్పు చెప్పారు. వాహనపు వేగం పెరిగినంత మాత్రాన ఇల్లు విడిచిన మనిషి స్థితి మారిపోదన్న వివేకం ఆ తీర్పులో నాకు కనిపిస్తుంది. నా తమ్ముని విషయంలో మా బంధువులు విమానపు గంటలు లెక్కపెట్టారు; ఆ పాత పండితులయితే ప్రయాణికుణ్ణి లెక్కలోకి తీసుకొని ఉండేవారు.

కాబట్టి దూరానికి నాలుగు భాగాలున్నవని నేను అనుకొంటాను. ఇంటి నుండి వాహనం దాకా ఉన్న రోడ్డు ఒకటి. వాహనం కోసం వేచి ఉండడం రెండు. పోవడానికి ఒకరి అనుమతి మూడు. టికెట్టు ధర నాలుగు. విమానం వీటిలో ఏ ఒక్కదాన్నీ తగ్గించదు. వీటి తరువాత వచ్చే ప్రయాణాన్ని మాత్రమే తగ్గిస్తుంది. భోగాపురం వలన మొదటిది తగ్గుతుంది. ఉడాన్ వంటి పథకాలు నాలుగవదాన్ని కొంత తగ్గించజూశాయి. ఎవరి చేతిలో సంతకం ఉన్నదో, ఎవరు ఆ సంతకం కోసం నిలబడాలో నిర్ణయించే మూడవ భాగాన్ని ఏ యంత్రమూ తగ్గించలేదు. అది చట్టాల వలన, చదువు వలన, తోటివారి దయ వలన తగ్గవలసినది. యూరపులో కూడా ప్రజలు ఈ లెక్క వేసుకొంటారు. 1994లో సముద్రం అడుగున సొరంగం గుండా లండన్–పారిస్ రైళ్ళు మొదలైన తరువాత ఎంతోమంది విమానాన్ని వదలి రెండుంబావు గంటల పైచిలుకు పట్టే రైలునే ఎక్కుతున్నారు. రైలు ఊరి మధ్యలో ఎక్కించుకొని ఊరి మధ్యలో దించుతుంది. గడప నుండి గడపకు లెక్కిస్తే నెమ్మది వాహనమే ముందు చేరుతుంది.

కళాశాల పాలకవర్గం పెద్దలకు కూడా ఈ సందర్భంలో ఒక మనవి. మన కళాశాలకు చీపురుపల్లి నుండి, పొందూరు నుండి ప్యాసింజరు రైలులో వచ్చే విద్యార్థినులున్నారు. పటంలో చూస్తే వారి ఊళ్ళు ముప్పై, యాభై కిలోమీటర్లు. రైలు వేళల పట్టికలో గంట ప్రయాణం. కాని సాయంత్రపు రైలు ఆలస్యమై, స్టేషను నుండి ఇంటికి చీకటిలో నడవవలసి వచ్చిన రోజున ఆ ఇంట్లో జరిగే చర్చ వేరు. "రేపటి నుండి మాను" అనే మాటకు ఆ ఒక్క సాయంత్రం చాలు. వారికి కళాశాల ఎంత దూరమో నిర్ణయించేది చివరి పీరియడు గంట. ఆ గంటను అరగంట ముందుకు జరిపితే గాని, దూరపు విద్యార్థినులకు ఒక చిన్న వసతి గృహం ఏర్పరిస్తే గాని, పైసా ఖర్చయ్యే రైలుమార్గం వేయకుండానే పొందూరును విజయనగరానికి దగ్గర చేసినవారవుతాము.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఉద్యోగాలకై దేశాంతరాలు పోతారు. కొందరు అధికారులై ఇతరుల కాగితాల మీద సంతకాలు చేస్తారు. కొందరు ఇంజనీర్లై రోడ్లు వేస్తారు. ఎంత దూరమని ఎవరైనా మిమ్మల్ని అడిగినప్పుడు ఫోను చూసి కిలోమీటర్లు చెప్పడం తేలిక. అంతకు ముందు అడిగినవారు ఎవరో, ఏ పని మీద పోతున్నారో, వారి చేతిలో ఎంత సొమ్మున్నదో, ఎవరి అనుమతి కోసం నిలబడి ఉన్నారో తెలుసుకోండి. ఆ తరువాత చెప్పండి. ఆ సంతకం మీ చేతిలోనే ఉంటే, ముందు అది పెట్టి పంపండి.